గుట్టను జరిపిన నర్సింహ

గోపన్‌పల్లిలో అంజమ్మ చాయ్ బండి దగ్గర నర్సింహ నోరు తెరిచాడంటే వినేవాళ్ళ గిలాసల్లో చాయ్ చల్లారాల్సిందే. బండికి ఎదురుగా బడి వెనక గేటు, గేటు పక్కన వరసగా పసుపు బస్సులు. బస్సుల వెనకాల ఆకాశాన్ని సగం మింగేసిన అపార్టుమెంట్లు, వాటి నెత్తిన మెల్లగా తిరిగే క్రేన్లు. ఒకప్పుడు ఇక్కడంతా జొన్న చేలుండేవని నర్సింహ చెబుతాడు. ఆ చేలన్నీ తమ తాతవేనని కూడా చెబుతాడు. మొదటి మాట నిజమే.

నర్సింహ ఆ బడిలో బస్సు డ్రైవరు. బడి వదిలేదాకా ఆయనకు పని లేదు. పని లేనప్పుడు ఆయన నోటికి పని ఉంటుంది. ఆ మధ్యాహ్నం వినడానికి ఇద్దరున్నారు. ఒకరు చాయ్ వడపోస్తున్న అంజమ్మ. ఇంకొకరు పక్క అపార్టుమెంటు కాపలాదారు ఎల్లయ్య. ఆయన స్టూలు మీద కూచుని ఒక సీతాఫలాన్ని చీల్చుకుంటూ, గింజల్ని అరచేతిలోకి ఊస్తున్నాడు. పోయిన వారం నర్సింహ అడవి నుంచి సంచి నిండా కాయలు తెచ్చి అందరికీ పంచిపెట్టాడు, వాటిలో మాగిన ఆఖరి పండు అది.

నర్సింహ బస్సులో ఆయాగా పనిచేసే నీలమ్మ కూడా అక్కడే ఉంది గాని, ఆమెకు ఆ రోజు కాలు ఒకచోట నిలవడం లేదు. గిలాస పట్టుకుంటుంది, తాగదు. గేటు దాకా వెళ్తుంది, తిరిగి వస్తుంది. కొంగు వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆమె కూతురి సంగతి చెప్పుకోవాలి.

ఆ బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక అవార్డు ఉంది. పరీక్ష రాసి తెచ్చుకునేది కాదు. ఏడాది పొడుగునా ఎవరికైనా ఏమీ ఆశించకుండా సాయం చెయ్యాలి, చేత్తో చేసే కొత్త పని ఒకటి నేర్చుకోవాలి, చివర్లో నలుగురు జట్టుగా అడవిలో నడిచి, గుడారంలో పడుకుని రావాలి. నీలమ్మ కూతురు హర్షిణి సిబ్బంది పిల్లలకిచ్చే సీటులో అక్కడే చదువుతోంది. ఆదివారాలు రేకుల షెడ్లలో ఉండే కట్టుబడి కూలీల పిల్లలకు అక్షరాలు దిద్దించింది. సైకిలును ఊడదీసి మళ్ళీ బిగించడం నేర్చుకుంది, అదీ ఎల్లయ్య సైకిలు మీదనే. మొదటిసారి బిగించాక రెండు నట్లు మిగిలిపోయాయి. ఆ నట్లు ఎల్లయ్య అంగీ జేబులో ఇప్పటికీ ఉన్నాయి, సైకిలూ నడుస్తూనే ఉంది.

మిగిలింది నడక. అదీ పోయిన వారం వికారాబాదు దిక్కు గుట్టల్లో అయిపోయింది. నడకకు పెద్ద నియమం ఒకటే. చేతిలో మ్యాపు, దిక్సూచి పెట్టుకుని దారి పిల్లలే వెతుక్కోవాలి. పెద్దవాళ్ళు తోవ చూపినా, మూట మోసినా, అన్నం వండిపెట్టినా ఆ నడక చెల్లదు. అవార్డు నలుగురికీ పోతుంది.

హర్షిణి జట్టు మధ్యాహ్నానికి చేరాల్సిన చోటికి పొద్దు వాలాక చేరింది. ఇంతసేపు ఎక్కడున్నారని వాళ్ళ సౌజన్య టీచరు అడిగితే నలుగురూ తల వంచుకున్నారు. ఎవరో పెద్దవాళ్ళు దారి చూపి ఉంటారనీ, అది దాస్తున్నారనీ అనుమానం వచ్చింది. అవార్డు తరఫున పరిశీలనకు వచ్చే వాసంతి మేడం ఈ రోజు బడి వదిలాక పిల్లల్ని చివరిసారి అడుగుతుంది. చెబితే సరే. చెప్పకపోతే ఏడాది కష్టం నీళ్ళపాలు.

ఆ ఆలస్యం ఎందుకైందో నీలమ్మకు తెలుసు. కాని చెప్పడానికి లేదు. హర్షిణి నెత్తి మీద చెయ్యి పెట్టించి ఆమె చేత ఒట్టు వేయించారు. పిల్లలు నలుగురి చేతా వేయించారు. వేయించినవాడు ఎవరో కాదు, బల్ల మీద కాలు మీద కాలేసుకుని తాళాల గుత్తి వేలికి తిప్పుతున్న ఈ నర్సింహే. ఏ సంగతి మీద ఒట్టు అన్నది దాని వంతు వచ్చినప్పుడు వింటాం.

బండికి ఆ చివర, వేపచెట్టు నీడలో ఒక పెద్దావిడ కూచుని చాయ్ తాగుతోంది. నేత చీర, కళ్ళద్దాలు, ఒళ్ళో గుడ్డసంచి. బడి వదిలేదాకా ఆగమని గేటు దగ్గర చెబితే ఇటు వచ్చి కూచుంది. అడవిలో ఆమె టోపీ పెట్టుకుని, రెయిన్‌కోటు వేసుకుని ఉంటే నర్సింహ దూరం నుంచే చూశాడు. ఇప్పుడు గుర్తుపట్టలేదు. నీలమ్మ గుర్తుపట్టింది. ఆ రోజు ఆమెకు మంచినీళ్ళిచ్చింది తనే. ఆవిడే వాసంతి మేడం.

సరిగ్గా ఆ సమయానికే ఎల్లయ్య గింజ ఊసి, “అవునయ్యా నర్సింహా, పోరగాండ్లను అడివికి తోల్కపోయినవట. ఎట్లయింది?” అని అడిగాడు.

గేటు వైపు వెళ్ళబోతున్న నీలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది.

“ఏముంది తాతా,” అన్నాడు నర్సింహ ఎంతో వినయంగా. ఆయన కోతలన్నీ వినయంతోనే మొదలవుతాయి. “బస్సు ఆపిన, పిల్లల్ని దించిన. నాకు చెప్పిన పని గంతే. కాని మనసు ఊకుంటదా? జర దూరం ఎన్కనే నడిచిన. పోతే, తోవ రెండుగ చీలిన కాడ నలుగురు నిలబడ్డరు. ఆ మ్యాపును ఇట్ల తిప్పుతరు, అట్ల తిప్పుతరు. నేనేం మాట్లాడలే. వేలుతోని గిట్ల చూపిన. పోయిండ్రు.”

చెట్టు కింద చాయ్ గిలాస పెదవుల దాకా వెళ్ళి ఆగింది. నీలమ్మ చూసింది.

అది పచ్చి అబద్ధం. కాని నమ్మడానికి ఎంత వీలుగా ఉందో. ఏ డ్రైవరైనా చెయ్యగలిగిన పని, ఏ పిల్లలైనా దాచిపెట్టే సంగతి. ఆ ఒక్క వేలితో నర్సింహ నలుగురి అవార్డూ పొడిచేశాడు.

ఈవిడ ఫలానా అని నర్సింహకు చెప్పేద్దామని నీలమ్మ నోటి దాకా వచ్చింది. చెబితే ఆయన గతుక్కుమని నోరు మూస్తాడు. అప్పుడు ఆవిడ ముందు ఆ మాట నిజమని ముద్ర వేసినట్టే అవుతుంది. అందుకని దగ్గరికెళ్ళి, “అన్నా, బస్సు కింద నీళ్ళు కారుతున్నయ్. జర చూద్దువు రా,” అంది.

“కారనీ చెల్లె, గదేమన్న మూసీనా?” అన్నాడు నర్సింహ.

ఎల్లయ్య మాత్రం పెదవి విరిచాడు. వేలు చూపించి వచ్చుడు కూడా ఒక ముచ్చటేనా అన్నట్టు మళ్ళీ పండులోకి తల దించాడు. నర్సింహకు అది తగిలింది. వినేవాడి తల కిందికి దిగడం ఆయన భరించలేడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అన్నాడు బల్ల మీద ముందుకు జరిగి. పిల్లల మూటలు చూస్తే ఒక్కొక్కటి వాళ్ళకంటే బరువున్నాయట. నడుం వంగిపోయి పోతుంటే చూడలేక, ఇటు తెమ్మని నాలుగు మూటలూ తనే భుజాన వేసుకున్నాడట.

తోవ పోయింది, మూటలూ పోయాయి. ఇక అన్నం ఒక్కటే మిగిలింది.

అప్పుడామె నర్సింహ ముఖం వైపు చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన మనిషి. భర్త పోయిన ఏడు ఆమెకు ఈ బడిలో పని ఇప్పించింది ఆయనే. ఆయనను ఆపడమంటే ఎదురుగా కడుతున్న ఆ అపార్టుమెంట్లను ఆపడమే, ఎవరి వల్లా కాదు. కాని ఇంకో అంతస్తు వెయ్యమంటే మాత్రం సంతోషంగా వేస్తాడు. అంతస్తు మీద అంతస్తు వేయించుకుంటూ పోతే ఆఖరుకు కింది అంతస్తును కూడా ఎవరూ నమ్మరు.

నీలమ్మ గిలాస కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, “నాలుగు మూటలేనా అన్నా?” అని అడిగింది.

నర్సింహ కళ్ళు మెరిశాయి. నీలమ్మ ఎప్పుడూ ఆయన మాటలకు ఊకొట్టేది కాదు.

“నాలుగెక్కడివి చెల్లె? నాలుగు మూటలు, రెండు గుడారాలు, బస్సు స్టెప్నీ టైరు ఒకటి, ఎందుకైన మంచిదని. వాటి మీద నలుగురు పిల్లలను కూసోపెట్టిన. నడుస్తున్న. నడుస్తుంటే అడ్డం వాగు. నల్లగ, నిండుగ, నురుగు కక్కుతున్నది. పిల్లలు ఏడుపు మొదలువెట్టిండ్రు. ఏం ఫికర్ చెయ్యకుండ్రి అని చెప్పి, ఈ ఒడ్డుకు కాళ్ళు, ఆ ఒడ్డుకు చేతులు పెట్టి అడ్డం పండుకున్న. నా వీపు మీదికెళ్లి నడిచిపోయిండ్రు. ఎన్క ఒక మేకల మంద వచ్చింది, అది గూడ పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆర్టీసీ బస్సు వచ్చింది.”

“పల్లెవెలుగా, ఎక్స్‌ప్రెస్సా?” అంది అంజమ్మ చాయ్ వడపోస్తూనే.

“ఎక్స్‌ప్రెస్సే. అందుకే ఇంక నడుము నొస్తున్నది.”

ఎల్లయ్య నవ్వాడు. నీలమ్మ ఓరకంటితో చెట్టు కిందికి చూసింది. పెద్దావిడ గిలాస వెనక నవ్వు దాచుకుంటోంది. నీలమ్మకు ప్రాణం కొంచెం కుదుటపడింది గాని కాళ్ళు కుదుటపడలేదు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, మరి పిల్లలకు తిండెట్ల అని అడిగింది. ఆమె అడగడమే తరువాయి, నర్సింహ అడవిలోనే గాడిపొయ్యి తవ్వించాడు. బగారన్నం వండాడట. ఆ వాసనకు మూడూళ్ళ జనం పెండ్లనుకుని వచ్చి, తిని, చదివింపులు కూడా ఇచ్చిపోయారట. కుందేళ్ళకు వేరే పంక్తి వేశాడట.

“కుందేళ్ళకా, పాపం. మరి చిరుతలున్నయంటరు గదన్నా ఆ దిక్కు?” అంది నీలమ్మ.

“నువ్వు అడుగుతవనే చెప్పకుండ ఆపిన.” నర్సింహ లేచి నిలబడ్డాడు. కూచుని చెప్పే ఘట్టం కాదు మరి. “తోవ నడుమ పండుకోని ఉన్నది చిరుత. మనిషి ఎత్తుంది. నా మొఖం దిక్కు చూసింది. నేను దాని మొఖం దిక్కు చూసిన. దానికేం ఎరుక, నేను పొద్దుమీకి ఆఫీసులు వదిలిన యాళ్లకు కొత్తగూడ చౌరస్తల బస్సు తిప్పెటోన్నని. ఆ చౌరస్తల నిలబడ్డోనికి చిరుత ఒక లెక్కనా? గిదిగో, ఈ విజిల్ తీసిన.”

తాళాల గుత్తి పైకెత్తి చూపించాడు. గుత్తికి నారింజ రంగు ప్లాస్టిక్ విజిల్ ఒకటి వేలాడుతోంది.

“మూడు సార్లు ఊదిన. ఆపిన. మళ్ళ మూడు సార్లు. అడివిల ఊదుడుకు గది పద్ధతి. చిరుత లేచింది, ఒళ్ళు దులుపుకున్నది, ఎడమ దిక్కుకు జరిగి నాకు సైడిచ్చింది.”

“ఇండికేటర్ వేసిందా?” అంది అంజమ్మ.

“తోకతోని వేసింది.”

ఆ నారింజ విజిల్ ఎవరిదో నీలమ్మకు తెలుసు. వారం కిందటి దాకా అది హర్షిణి మెడలో ఉండేది. ఆమె దాన్ని చూసి మళ్ళీ గేటు వైపు చూసింది. గంట కొట్టే సమయం దగ్గరపడుతోంది. ఇంకొక్క అంతస్తు చాలు, ఇంకొక్కటి వేస్తే మొత్తం కట్టడాన్ని గాలికి వదిలేయొచ్చు అనుకుంది.

“ఇంత చేసినవ్ గని అన్నా, మ్యాపు సంగతేంది? అందుల గుట్ట ఒక దిక్కు, అడివిల ఒక దిక్కు ఉండెనట గదా?” అంది. అలాంటిదేమీ లేదు. అప్పటికప్పుడు పుట్టించింది.

నర్సింహ ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తన చేలో పడ్డ విత్తనం ఎవరిదైతేనేం, మొలిపించడం ఆయన పని.

“ఆ సంగతి నువ్వెవ్వలకు చెప్పవనుకున్న,” అన్నాడు గొంతు తగ్గించి. “మ్యాపుల గుట్ట ఎడమకున్నది. అడివిల కుడికున్నది. ఇప్పుడు ఏది తప్పు? మ్యాపు తప్పంటే దాన్ని ఇచ్చిన టీచరమ్మ ఇజ్జత్ పోతది. పిల్లలు తప్పంటే వాళ్ళు చిన్నబోతరు. ఆలోచన చేసిన. అంగి ఇప్పి చెట్టుకు తగిలేసిన. గుట్టకు భుజం పెట్టిన.”

“జరిగిందా?” అన్నాడు ఎల్లయ్య. నోట్లో గింజ అలాగే ఉండిపోయింది.

“ఎందుకు జరగది తాతా? మన దిక్కు గుట్టలను జేసీబీలు మొత్తానికే మాయం చేస్తలేవా? నేను మాయం చెయ్యలే. ఎడమకు జరిపిన, గంతే. మ్యాపుల ఎట్లున్నదో అట్ల పెట్టి, మీద రాలిన ఆకులు గూడ మళ్ళ సక్కగ సర్దిన. పిల్లలు వచ్చి చూసిండ్రు, మ్యాపు చూసిండ్రు, కరెక్టే అన్నరు.”

అంజమ్మ చాయ్ గిన్నె దించి మరీ నవ్వింది. ఎల్లయ్య దగ్గుతూ నవ్వాడు. చెట్టు కింద పెద్దావిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. నీలమ్మ ఊపిరి వదిలింది. గుట్టను జరిపినవాడి వేలిని ఇక ఎవరు నమ్ముతారు?

పెద్దావిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

“బాగా చెబుతారండి మీరు. ఇంత నవ్వి చాలా రోజులైంది,” అంది. “గుట్ట, చిరుత, ఆర్టీసీ బస్సు అన్నీ పక్కన పెడదామండి. నాకు ఒక్కటే కావాలి. తోవ రెండుగా చీలిన చోట పిల్లలకి వేలు పెట్టి చూపించానన్నారే, అది మాత్రం నిజమేనా?”

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కట్టిన అంతస్తులన్నీ ఆమె ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, సరిగ్గా కింది రాయి మీద వేలు పెట్టింది.

నీలమ్మ నర్సింహ వైపు చూసింది, లేదని అనమని. కళ్ళతో అడిగింది. కాని లేదని అనడం నర్సింహ చేత ఎప్పుడూ కాలేదు. అందులో కొత్త మనిషి, చదువుకున్న మనిషి అడుగుతోంది. ఎల్లయ్య చూస్తున్నాడు. అంజమ్మ చూస్తోంది.

“ఎందుకు గాదు మేడం,” అన్నాడు. “ఇక్కడికెళ్లి వికారాబాదు దాకా కండ్లు మూసుకోని పోతా నేను. తోవ చూపుడుల నాకంటే మొనగాడు ఎవడున్నడు?”

ఆవిడ తల ఊపింది. నవ్వలేదు. సంచి సర్దుకుని, చాయ్ ఎంతమ్మా అని అంజమ్మను అడిగింది.

లోపల గంట కొట్టారు. గేటు తెరుచుకుంది, పిల్లలు గుంపులుగా బస్సుల వైపు వస్తున్నారు. నీలమ్మ అటు ఒక అడుగు వేసింది, ఇటు ఒక అడుగు వేసింది. నోరు తెరిస్తే ఒట్టు. తెరవకపోతే ఆవిడ ఇంకో నిమిషంలో రోడ్డు దాటి గేటులోకి వెళ్ళిపోతుంది. వారం నుంచి హర్షిణి సరిగ్గా తినడం లేదు. మేడం అడిగితే ఏం చెప్పాలమ్మా అని ఆ పొద్దున కూడా అడిగింది. ఒట్టు వేసినం గదా బిడ్డా అని మాత్రం అనగలిగింది నీలమ్మ.

నర్సింహ వేలి మీద గుత్తి తిరుగుతోంది. నారింజ విజిల్ ఎండలో మెరుస్తోంది.

చెప్పనని ఒట్టు వేసింది. అడగనని వెయ్యలేదు.

“అన్నా,” అంది. “మేడం ఇంత దూరం వచ్చింది. చిరుతకు ఎట్ల ఊదినవో ఒక్కసారి వినిపియ్యరాదు. పోనీ, వినిపోతది.”

“రోడ్డు మీదనా?” అన్నాడు నర్సింహ.

“ఏం, చిరుత లేదనా?” అంది అంజమ్మ.

నర్సింహకు ఆ మాట చాలు. ఛాతీ నిండా గాలి పీల్చి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. మూడు సార్లు ఊదాడు. ఆపాడు. మళ్ళీ మూడు సార్లు ఊదాడు. బస్సుల హారన్లు, క్రేన్ల మోత, పిల్లల గోల, అన్నింటినీ కోసుకుంటూ ఆ చప్పుడు వెళ్ళింది.

బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతున్న ఒక పిల్ల కాలు వెనక్కి తీసింది. గేటు దగ్గర ఐస్‌క్రీము కొంటున్న ఒక పిల్లవాడు దాన్ని పక్కవాడి చేతిలో పెట్టేశాడు. వరసలోంచి హర్షిణి బయటికొచ్చింది. అందరికంటే ముందు ఆదర్శ్ వచ్చాడు, ఆ జట్టులో పొడుగువాడు, పరుగెత్తుతూనే నీళ్ళ సీసా మూత తీస్తూ. నలుగురూ రోడ్డుకు అటూ ఇటూ చూసి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటారు.

“జరగండి, గాలి రానివ్వండి,” అని ఆదర్శ్ ఎల్లయ్యను పక్కకు జరిపి, నర్సింహను బల్ల మీద కూచోబెట్టి, సీసా నోటికి అందించాడు. “అంకుల్, మెల్లగా తాగండి. మళ్ళీ తప్పిపోయారా?”

హర్షిణి వాడి చెయ్యి గిల్లింది. గిల్లేసరికే ఆలస్యమైపోయింది.

“మళ్ళీ అంటే?” అంది అంజమ్మ.

చెట్టు నీడలోంచి వాసంతి మేడం ముందుకు వచ్చింది. పిల్లలు ఆమెను అప్పుడే చూశారు. ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు.

“నేనూ అదే అడుగుతున్నానమ్మా,” అంది ఆవిడ మెత్తగా. “మళ్ళీ అంటే ఏమిటి?”

ఆదర్శ్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. హర్షిణి నర్సింహ వైపు చూసింది, తల్లి వైపు చూసింది, ఆఖరుకు మేడం ముఖంలోకి సూటిగా చూసింది.

“చెప్పలేం మేడం. ఒట్టు వేసినం.”

“అవార్డు పోయినా సరేనా?”

హర్షిణి మెల్లగా తల ఊపింది, సరేనని. మిగతా ముగ్గురూ ఊపారు.

నర్సింహ నోటి దగ్గర సీసా ఆగిపోయింది. అవార్డు పోవుడేంది అని అడిగాడు. నీలమ్మ చెప్పింది, ఒట్టుకు తగలకుండా, నియమం ఒక్కటే చెప్పింది. పెద్దవాళ్ళు తోవ చూపితే పోతుందని, ఆలస్యం ఎందుకో చెప్పకపోయినా పోతుందని, ఈ మేడమే దానికి వచ్చిందని. వింటున్నకొద్దీ నర్సింహ మీసాలు కిందికి దిగాయి. ఈ వారమంతా హర్షిణి బస్సులో వెనక సీటుకు పోయి కూచుంటుంటే జ్వరమేమో అనుకున్నాడాయన.

ఎల్లయ్య గింజలన్నీ చెత్తబుట్టలో పోసి చేతులు దులుపుకున్నాడు.

నర్సింహ లేచాడు. హర్షిణి దగ్గరికొచ్చి, ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాడు. కంటికి కనబడనిదేదో పిడికిట్లోకి తీసుకున్నట్టు తీసుకుని, బండి పక్కనున్న పిట్టగోడ దాకా నడిచి, దాన్ని జాగ్రత్తగా గోడ మీద పెట్టాడు. పడిపోకుండా ఒక చిన్న రాయి కూడా ఆనించాడు.

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన,” అన్నాడు. “ఇగ చెప్పు బిడ్డా.”

హర్షిణి చెప్పింది. తోవ చీలిన చోట వాళ్ళు మ్యాపు చూసుకుని సరిగ్గానే ఎడమకు తిరిగారు. కొంత దూరం పోయాక లోయలోంచి ఎవరో కేక వేసినట్టు వినిపించింది. అటు పోవాల్సిన పని వాళ్ళకు లేదు. పోతే ఆలస్యమవుతుందని తెలుసు. కాని ఎవరన్నా కేక వేస్తే ముందు అది చూడాలని శిక్షణలో చెప్పారు కదా. దిక్సూచి పెట్టుకుని దిగితే ఒక బండ మీద నర్సింహ అంకుల్, పక్కన సీతాఫలాల సంచి, ఒక కాలికే చెప్పు. బస్సు ఏ దిక్కున ఉందో ఆయనకు తెలియడం లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. నీళ్ళు, గ్లూకోజు ఇచ్చి, బస్సు దాకా తీసుకొచ్చి, అమ్మకు అప్పజెప్పి, మళ్ళీ మొదటి నుంచి నడిచారు. మళ్ళీ తప్పిపోతే ఊదమని, ఎప్పుడు వినిపించినా వస్తామని చెప్పి తన విజిల్ ఆయనకిచ్చింది. బస్సు వదిలి పోయాడని తెలిస్తే పని పోతుందని, దారి తప్పాడని తెలిస్తే పరువు పోతుందని ఆయన బతిమాలాడు.

అంజమ్మ గరిట కింద పెట్టింది. “అయితే నాకిచ్చిన సీతాఫలాలు, నువ్వు చెప్పినట్టు అక్కడి సర్పంచి సన్మానం చేసి ఇచ్చినయి కావన్నమాట,” అంది.

వాసంతి మేడం పిల్లలు నలుగురినీ ఒక్కొక్కరినే చూసింది. పెద్దవాళ్ళు పిల్లలకు తోవ చూపొద్దన్నది నియమం గాని, పిల్లలు పెద్దవాళ్ళకు తోవ చూపొద్దని తనెక్కడా చదవలేదంది. ఆ ఆలస్యానికి మీకు తగ్గేదేమీ లేదు, నడక చెల్లిందని ఇప్పుడే మీ సౌజన్య టీచరుకు చెబుతానంది. ఐస్‌క్రీము వదిలి వచ్చిన పిల్లవాడు దాని కోసం వెనక్కి పరుగెత్తాడు. హర్షిణి తల్లి కొంగు పట్టుకుని, చిన్నపిల్లలా ముఖం అందులో దాచుకుంది. నీలమ్మ కాళ్ళు వారం తర్వాత ఒక్కచోట నిలిచాయి.

“బస్సు సంగతి నన్నెవరూ అడగలేదండి, నేను చూడనూ లేదు,” అని నర్సింహతో మెల్లగా అని, ఆవిడ గేటు వైపు నడిచింది.

నర్సింహ కొంచెంసేపు తాళాల గుత్తి వైపే చూశాడు. విజిల్ ఊడదీసి హర్షిణి చేతికి ఇవ్వబోయాడు. ఉంచుకోండి అంకుల్, పనికొస్తది అంది ఆ పిల్ల. ఎల్లయ్య పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. ఆ నవ్వు నర్సింహ కంటపడింది. మీసం మీదికి చెయ్యి పోయింది.

“నవ్వకు తాతా. పిల్ల తక్కువ జేసి చెప్పింది. ఒక్క లోయ గాదు అది, మూడు గుట్టల అవతల తప్పిపోయిన. తప్పిపోవుడంటే మాటలా? నేను తప్పిపోయినట్టు ఈ హైదరాబాదుల ఇంకెవ్వనితోని గాదు. తూర్పేదో పడమరేదో సూర్యునికే తెలుస్తలేదు. వచ్చి నన్నే అడిగిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తెలుసన్నా,” అంది నీలమ్మ. “పద, బస్సు తియ్యి.”